ఆరో నంబరు వ్యాను గొంతు

మా బాబా గారి హాల్లో కిటికీ పక్కన ఒక రేడియో ఉండేది. దాంట్లో పాటలు రావు, వార్తలు రావు. నీళ్ళ కంపెనీ వాళ్ళ మాటలు వస్తాయి. ఫలానా వీధిలో పైపు పగిలింది, ఫలానా క్యాంపులో నీళ్ళు రావడం లేదు, వ్యాను ఎక్కడుంది, వాల్వు తిప్పారా లేదా, పొద్దస్తమానం ఇదే గోల. పనిలో చేరిన కొత్తలో "ఇదేం పిచ్చి రా నాయనా, కోరి కొనుక్కుని మరీ ఊరి పైపుల గొడవ వినడం!" అనుకునేదాన్ని. తర్వాత ఏడాది పైగా ఆ పెట్టెని వదిలి నేను అవతలికి కదల్లేదు. అదెలా జరిగిందో చెప్పాలంటే ముందు మా ఆయన మీద నాకొచ్చిన కోపం గురించి చెప్పాలి.

నేను పనిచేసిన ఇల్లు అబుదాబీలో, ముసఫ్ఫా ఫ్యాక్టరీలకి ఆనుకుని ఉన్న విల్లాల పేటలో ఉంది. ఇంటి పెద్దాయన్ని అందరూ బాబా అంటారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. నీళ్ళ కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ పడిపోయాయి. ఆయన్ని చూసుకోడానికే నన్ను పెట్టుకున్నారు. అక్కడి వెనకటి తరం వాళ్ళకి హిందీ వచ్చు కాబట్టి మా ఇద్దరికీ మాట ఇబ్బంది లేదు. ఆ రేడియోని స్కానర్ అంటారని ఆయనే చెప్పారు. కంపెనీ వ్యాన్ల వాళ్ళు చేతిలో పట్టుకు తిరిగే వాకీటాకీల మాటల్ని అది గాలిలోంచి వెతికి పట్టుకుంటుందిట. ఎవరు పడితే వాళ్ళు అలాంటిది ఇంట్లో పెట్టుకుంటే ఊరుకోరు, పాత ఉద్యోగం చూసి ఆయనకి అనుమతి ఇచ్చారట. "ఇది వింటుంది, మాట్లాడదు. దీనికి నోరు లేదు," అన్నారోసారి. మా ఊళ్ళో కొత్తకోడళ్ళ గురించి అలాగే చెబుతారు లెండి.

మా ఆయన అదే నీళ్ళ కంపెనీకి పైపులు బాగుచేసే కాంట్రాక్టు వాళ్ళ దగ్గర ప్లంబరు. ఉండేది ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో, లేబర్ క్యాంపు. నేనున్న చోటికి బస్సెక్కితే పెద్ద దూరం కాదు. శుక్రవారం ఇద్దరికీ సెలవు దొరికితే ముసఫ్ఫాలో కలుసుకునేవాళ్ళం. ముందు చర్చికి ప్రార్థనకి వెళ్ళడం, తర్వాత మలయాళీ హోటల్లో భోజనం, సాయంత్రం పార్కులో కూర్చోవడం. అమలాపురం దగ్గర మా ఊళ్ళో వాళ్ళకి గల్ఫంతా దుబాయే. అందరూ "మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దుబాయ్‌లోనే, అదృష్టవంతులు" అనేవారు. ఏం అదృష్టం? మా కాపరమంతా పార్కు బెంచీ మీదే. చీకటి పడితే ఎవరి బస్సు వాళ్ళది.

కరోనా వచ్చాక ఆ బెంచీ కూడా పోయింది. క్యాంపులు మూసేశారు. నీళ్ళ పని ఆగకూడదు కాబట్టి మా ఆయన వాళ్ళని మాత్రం పొద్దున్నే వ్యాన్లలో పనికి తీసుకెళ్ళి, మళ్ళీ తిన్నగా క్యాంపులో దింపేవారు. మధ్యలో ఎక్కడా దిగడానికి లేదు. ఇటు నా సంగతి చెప్పక్కర్లేదు. బాబా కూతురిది ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. తన వల్ల తండ్రికి ఎక్కడ అంటుకుంటుందోనని ఆ మేడమ్ వేరే గది తీసుకుని వెళ్ళిపోయింది. సరుకులు గేటు దగ్గర పెట్టి, కారులోంచే తండ్రికి చెయ్యి ఊపి వెళ్ళేది. నన్ను గేటు దాటొద్దంది. అంత పెద్ద ఇంట్లో నేనూ, బాబా, ఆ రేడియో.

అప్పుడే మా అమ్మ పోయింది. నాకు తెలీదు.

మా వైపు ఒక అలవాటుంది. దూరాన ఉన్నవాళ్ళకి చావు కబురు ఫోన్లో చెప్పరు. "ఒంట్లో బాలేదు, సీరియస్‌గా ఉంది, బయల్దేరి వచ్చెయ్" అంటారు. దారి పొడుగునా మనిషికి సగం తెలుస్తూనే ఉంటుంది. ఇల్లు చేరేసరికి నలుగురూ చుట్టూ ఉంటారు, పడిపోతే పట్టుకుంటారు. మా నాన్న పోయినప్పుడు విశాఖపట్నంలో ఉన్న మా పిన్నికి కూడా అలాగే కబురెళ్ళింది. ఆ అబద్ధాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ విమానాలే లేనప్పుడు బయల్దేరి రమ్మని ఎలా చెబుతారు? మా అన్నయ్య మా ఆయనకి ఫోన్ చేసి "ఏం చేద్దాం బావా?" అన్నాడట. "దానికి చెప్పకండి. ఒక్కతే ఉంది ఆ ఇంట్లో. నేనే వెళ్ళి ఎదురుగా చెబుతాను, క్యాంపు దాటడానికి పాసు అడుగుతున్నాను," అన్నాడట ఈయన. ఆ పాసు ఎంతకీ రాలేదు. అక్కడ అమ్మని సమాధి చేశారు. జ్ఞాపకార్థ కూటం కూడా పెట్టి, ఊళ్ళో వాళ్ళకి భోజనాలు పెట్టారు.

ఆ రోజుల్లో నేను అన్నయ్యకి ఫోన్ చేస్తూనే ఉన్నాను. అమ్మకివ్వు అంటే "పడుకుంది చెల్లీ" అనేవాడు. ఇంకోసారి "గొంతు పట్టేసింది, మాట్లాడలేకపోతంది" అన్నాడు. సరే, విననైనా వింటుంది కదా అని మాటలు రికార్డు చేసి పంపాను. "అమ్మా, మందు బిళ్ళలు మానెయ్యకు. వేడినీళ్ళు తాగు. నేను బానే ఉన్నాను, బాబా మంచోరు. ఈ రోగం తగ్గాక వచ్చేత్తాను." అమ్మ అప్పటికే మట్టిలో ఉంది. మట్టిలో ఉన్న మనిషికి నేను మందులు వేసుకోమని చెప్పాను.

ఒకరోజు మధ్యాహ్నం గేటు బెల్లు మోగింది. చూస్తే కంపెనీ వ్యాను, దాని తలుపు మీద పెద్ద ఆరు. మాస్కు పెట్టుకుని మా ఆయన నిలబడి ఉన్నాడు. మా పేటలోనే ఏదో పని పడితే, తోడున్నాయన్ని బతిమాలుకుని వ్యాను మా వీధికి తిప్పాడట. ఆయన్ని చూసి ఎన్ని రోజులైందో! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆయన గేటు ఊచల్లోంచి చల్లటి నీళ్ళ సీసా అందించాడు.

"ముందు ఇలా కూర్చో," అన్నాడు.

"ఏటండీ? ఏమైంది?"

"అత్త పోయిందే."

"ఎప్పుడు?"

ఆయన మాస్కు పైకి లాక్కున్నాడు.

"ఎప్పుడండీ? అడుగుతన్నాను గదా!"

"కూటం కూడా అయిపోయింది."

అప్పుడు నాలో ఏదో తెగిపోయింది. నీళ్ళ సీసా తీసి ఊచల్లోంచే ఆయన కాళ్ళ ముందు కొట్టాను. "ఒక్కదానివే ఉన్నావని, ఏడిస్తే పట్టుకునే మనిషి లేడని..." అని ఏదో చెప్పబోయాడు. "పట్టుకునే మనిషి కావాలని అడిగానా మిమ్మల్ని? మా అమ్మ ముఖం కావాలి నాకు! లోకమంతా ఫోన్లలో చూసుకుంటన్నారు గదండీ, నాకు చూపించడానికి మీకు చేతులు రాలేదా? ఇంక నాతో మాట్లాడకండి. ఆయ్, ఈ జన్మకి మాట్లాడకండి," అన్నాను. ఆయన నడుముకున్న వాకీటాకీ "సిక్స్, సిక్స్" అని అరుస్తూనే ఉంది. వంగి ఆ సీసా తీసుకుని వెళ్ళిపోయాడు. నేను లోపలికొచ్చి బాబాకి మందులిచ్చాను. ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది, అది ఉండిపోయింది.

అప్పట్నుంచి ఆయన ఫోన్ చేస్తే తియ్యలేదు. మోగి మోగి ఆగిపోయేదాకా దాని వైపే చూస్తూ కూర్చునేదాన్ని. అన్నయ్యతో కూడా ముక్తసరిగానే. సమాధి రోజు వీడియో తీసి పెట్టాను, పంపనా అన్నాడు. అక్కర్లేదన్నాను. ఆ రోజు ముఖం చూసుంటే అమ్మ ముఖం చూసినట్టు. ఇప్పుడు చూస్తే ఎప్పుడో అయిపోయిన పెళ్ళి వీడియో చూసినట్టు. నాకెందుకది?

ఇదిలా ఉండగా ఒకరోజు హాల్లో బాబాకి జావ తాగిస్తున్నాను. రేడియోలో "సిక్స్, సిక్స్, ఎక్కడున్నావు?" అన్నాడు కంట్రోల్ రూములో కూర్చుని వ్యాన్లని పంపే మలయాళీ. ఒక దగ్గు వినిపించింది. తర్వాత "ఆయ్ సర్" అని జవాబు.

చెంచా నా చేతిలోనే ఆగిపోయింది. ఆ దేశం మొత్తం మీద నీళ్ళ కంపెనీ వాకీటాకీలో మా గోదావరి వాళ్ళలా "ఆయ్" అనే మనిషి ఇంకొకడు ఉంటాడా? మాట్లాడే ముందు దగ్గడం కూడా ఈయన అలవాటే. ఇన్నాళ్ళూ ఆ గొంతు ఈ హాల్లోనే మోగుతోంది, నేను వంటింట్లో మిక్సీ వేసుకుని కూర్చున్నాను. వ్యాను ఫలానా సెక్టారులో ఉందనీ, వాల్వు తుప్పు పట్టి తిరగడం లేదనీ, నూనె వేశామనీ వచ్చీరాని హిందీలో చెప్పుకుపోతున్నాడు. జావ కారి బాబా గడ్డం మీద పడింది. ఆయన నా ముఖంలోకి చూశారు.

ఇంక అక్కణ్ణుంచి నా పనంతా హాల్లోకి మారిపోయింది. కూరలు తరగడం అక్కడే, బట్టలు మడతపెట్టడం అక్కడే. మాట్లాడను గాని వింటాను. అది నా పంతం. పైగా ఆయనకి తెలీదు కదా! పెట్టెకి నోరు లేదు కాబట్టి నా మర్యాదకేం లోటు రాదు. పొద్దున వ్యాను క్యాంపు దాటగానే "సిక్స్ బయల్దేరింది సర్" అనేవాడు. సాయంత్రం "సిక్స్ లోపలికొచ్చేసింది" అనేవాడు. ఆ రెండు మాటల మధ్య నా రోజు గడిచేది. గొంతు గరగరమంటే "మంచు నీళ్ళు తాగొద్దంటే వింటేనా ఆ మనిషి!" అని పెట్టెని తిట్టేదాన్ని. కంట్రోల్ వాడు విసుక్కుంటే వాణ్ణీ తిట్టేదాన్ని. ఎండాకాలం మధ్యాహ్నం బయటి పనులు ఆపాలని అక్కడ నియమం. ఆ వేళ రేడియో మూగపోయేది. ఏసీ హోరు తప్ప ఇంట్లో ఏ చప్పుడూ ఉండేది కాదు. అప్పుడు మాత్రం నాకు భయమేసేది. ఈ భూమ్మీద నేనున్నట్టు ఎవరికన్నా తెలుసా అనిపించేది.

బాబా కూడా దాంతో మాట్లాడతారని అప్పుడే గమనించాను. "ఆ లైను నేను వేయించిందే, దాన్ని అలా కొట్టకూడదు" అని అరబ్బీలోనో, నాకోసం హిందీలోనో గొణుక్కునేవారు. ఆయన ఎరిగిన గొంతు ఒక్కటీ ఆ రేడియోలో మిగల్లేదు, అందరూ కొత్తవాళ్ళే. అయినా కిటికీ దగ్గర్నుంచి కదిలేవారు కాదు. ఇద్దరం ఆ పెట్టెతో మాట్లాడేవాళ్ళం. అది ఇద్దరి మాటా వినేది కాదు.

ఆయనకి ఒక్క విషయంలో మాత్రం తెగ కోపం. రేడియోలో ఎవరన్నా పనికి సంబంధం లేని మాట మాట్లాడితే చాలు, కుర్చీ చేతి మీద గుద్దేవారు. క్రికెట్టు స్కోరు అడిగినా, బిర్యానీ తెమ్మన్నా, గుద్దే. "ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు మాట్లాడలేడు. ఎక్కడో పైపు పగిలి మనిషి మునిగిపోతున్నా చెప్పుకోలేడు. ఇంటి మాటలు గాలిలో పెట్టకూడదు," అనేవారు. ఆయన ఉద్యోగంలో ఉండగా అలా మాట్లాడినవాళ్ళని పనిలోంచి తీసేశారట.

"సిక్స్ నీ మనిషా?" అని ఒకరోజు అడిగారు.

"కాదు బాబా."

"మరి వాడు దగ్గితే నువ్వెందుకు తిడతావు?"

ఇంక దాచలేక చెప్పాను. అంతా విని, "ఫోన్ చెయ్యి, యల్లా, త్వరగా కానీ," అన్నారు. ససేమిరా అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

క్రిస్మస్ వచ్చింది. మేడమ్ గేటు దగ్గర కేకు పెట్టి వెళ్ళింది. నేను కాగితంతో చిన్న నక్షత్రం చేసి నా గదిలో అతికించుకున్నాను. పొద్దున రేడియోలో కంట్రోల్ "సిక్స్, మెర్రీ క్రిస్మస్" అన్నాడు. బాబా కుర్చీ మీద గుద్దబోయి నన్ను చూసి ఆగారు. "థాంక్యూ సర్, మీకూ సర్," అన్నాడు మా ఆయన. మిగతా వ్యాన్ల వాళ్ళూ చెప్పారు. అందరికీ పేరుపేరునా థాంక్యూ చెప్పాడు. నా ఫోనూ మోగింది, మోగనిచ్చాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆరో నంబరులో వేరే గొంతు వినిపించడం మొదలైంది. ఎవరో పంజాబీ. ఒకరోజు చూశాను, రెండోరోజు చూశాను. ఈయన మాట లేదు. అందరూ కరోనాతో రాలిపోతున్న రోజులు. ఫోన్ తీసి మళ్ళీ పెట్టేసి, చివరికి అన్నయ్యకి చేశాను.

"మీ బావ ఎలాగున్నారన్నయ్యా?"

"ఇప్పుడు బానే ఉన్నాడమ్మా. జొరం వస్తే వేరే గదిలో పెట్టారంట. నీకు చెప్పొద్దన్నాడు, కంగారు పడతావని..."

మళ్ళీ అదే! మళ్ళీ దాచాడు! తగ్గుతున్న కోపం కాస్తా భగ్గుమంది. చచ్చిపోయుంటే కూటం అయ్యాక చెప్పేవారు కాబోలు. ఆ రోజంతా గిన్నెలు ఎత్తి పడేస్తూ కడిగాను. కానీ ఓ పొద్దున "సిక్స్ బయల్దేరింది సర్" అని నీరసంగా ఆ గొంతు వినబడేసరికి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేకపోయాను. బ్రతికున్నాడు. ఆ ఒక్క మాటే నాలో నేను చాలాసార్లు అనుకున్నాను. ఫోన్ మాత్రం చెయ్యలేదు. చేస్తే ఓడిపోయినట్టని కాదు. చేసి ఏం మాట్లాడాలి? "అమ్మ ముఖం" అన్న దగ్గరే నా మాటలన్నీ ఆగిపోతున్నాయి.

మరుసటేడు వేసవిలో ఇండియాలో రెండోసారి రోగం ముదిరింది. ఊరి నుంచి వచ్చే కబుర్లన్నీ చావు కబుర్లే. ఆరో నంబరులో ఈయనతో పాటు నెల్లూరు భాయ్ ఒకాయన పనిచేసేవాడు. గేటు దగ్గరికి వ్యాను తిప్పింది ఆయనే. ఈయనకన్నా వయసులో పెద్ద. వాల్వులుండే గోతుల్లోకి దిగేది ఆయన, పైన వాకీటాకీ పట్టుకుని తాడు చూసుకునేది మా ఆయన. దిగేటప్పుడు ఫోన్లు వ్యానులో పెట్టేసి వెళ్ళాలట.

ఆ రోజు మధ్యాహ్నం విరామం అయ్యాక పనులు మొదలయ్యాయి. నేను బాబా కాళ్ళకి నూనె రాస్తున్నాను.

"సిక్స్, నీతో ఉన్న భాయ్ ఎక్కడ?" అన్నాడు కంట్రోల్. వాడి గొంతు మామూలుగా లేదు.

"గోతిలో ఉన్నాడు సర్."

"ఈ మాటలు వాడికి వినబడతాయా?"

"వినబడవు సర్. చెప్పండి."

"వాళ్ళింటి నుంచి క్యాంపుకి ఫోనొచ్చింది. తండ్రి పోయాడు. వాడికేమీ చెప్పకు. క్యాంపు బాస్ పిలుస్తున్నాడని చెప్పి తీసుకొచ్చెయ్. సాయంత్రం మెల్లిగా మేం చెబుతాం."

నా చేతులు బాబా కాలి మీదే ఆగిపోయాయి.  రేడియోలో దగ్గు వినిపించింది.

"నై సర్," అన్నాడు మా ఆయన.

"ఏంటి?"

"నేను చెప్పేస్తాను సర్. ఇప్పుడే. పైకి రాగానే. ఇంటికి వీడియో కలిపి ఇస్తాను. వాళ్ళ ముస్లిముల్లో సాయంత్రం దాకా ఉంచరు సర్, తీసుకెళ్ళిపోతారు. ముఖం చూసుకోవాలి ఆయన."

"సిక్స్, రూల్ అది కాదు..."

"రూల్ నాకు తెలుసు సర్. నేనోసారి దాచాను." ఆయన హిందీ తడబడిపోతోంది. "మా ఆవిడ వాళ్ళమ్మ పోతే దాచాను. ఒక్కతే ఉంది, తట్టుకోలేదు అనుకున్నాను. తట్టుకోలేంది నేను సర్. అది ఏడుస్తుంటే ఫోన్లో వినలేక దాచాను. దానికి ముఖం చూపించలేదు. ఏడాది దాటింది, నాతో మాట్లాడదు. దాని తప్పేం లేదు సర్."

ఇంటి మాటలు! పూర్తిగా ఇంటి మాటలు, ముసఫ్ఫా మొత్తానికి వినబడేలా! నేను బాబా వైపు చూశాను. ఆయన చెయ్యి లేచింది. కుర్చీ మీద గుద్దుతారనుకున్నాను. ఆ చెయ్యి తీసుకెళ్ళి రేడియో గొంతు పెంచారు. మిగతా వ్యాన్లలో ఒక్కళ్ళు కూడా మధ్యలో మాట్లాడలేదు.

"ఓకే సిక్స్," అన్నాడు కంట్రోల్. "నువ్వే చెప్పు."

మా ఆయన "ఆయ్ సర్" అని బటన్ మీంచి వేలు తియ్యడం మర్చిపోయాడు. లేకపోతే ఆ తర్వాతిదంతా మాకు వినబడేది కాదు. ఎండలో ఏదో ఇనప మూత దొర్లిన చప్పుడు. "భాయ్, పైకి రా" అన్న మాట.

"ఏందిరా, పని మధ్యలో పిలస్తుండావు?"

"ముందు పైకి రా. ఆ తాడు విప్పుకో. ఇలా నీడకి రా, కూర్చో."

"ఏమైంది? ఎవరికేమైంది?"

"మీ నాయన పోయారు భాయ్. ఇందాకే. ఇంకా ఇంట్లోనే ఉంచారు. ఇదిగో నా ఫోను, మీ తమ్ముడికి వీడియో కలుపుతన్నాను. చూసుకో. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకో. ఏడువు, నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను."

ఆ పెద్దాయన ఏడుపు వినిపించింది. నడి ఎండలో ఒక మగాడు వెక్కి వెక్కి ఏడవడం. దాని వెనక మా ఆయన ఏవో మాటలు, అర్థమయ్యీ అవక. బాబా కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి టక్కుమని శబ్దమై రేడియో ఆగిపోయింది. బటన్ సంగతి అప్పుడు చూసుకున్నాడేమో.

నాకు చెప్పాల్సిన పద్ధతి అది. అన్నీ తెలిసే ఉన్నాయి ఆ మనిషికి. నాకోసం తెలియాల్సినప్పుడు తెలియలేదు, అంతే. నా మీద ప్రేమ లేక కాదు, నా ఏడుపంటే భయం. ఇన్నాళ్ళూ నేను ఒక్క సంజాయిషీకే సిద్ధంగా ఉన్నాను, "నీ కోసమే చేశాను" అంటాడు, నేను దులిపేస్తాను. "తట్టుకోలేంది నేను" అంటాడని అనుకోలేదు. ఆ మాట నాతో ఎందుకనలేదు? నేను ఫోన్ తీస్తే కదా అనడానికి!

వంటింటి వెనక నా గదిలోకి పోయి ఫోన్ చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను, ఎంగేజ్. ఆ ఫోను ఇప్పుడు భాయ్ చేతిలో ఉందని, అందులో ఆయన నాయన ముఖం ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఉండనీ అనుకున్నాను. బాబాకి టీ ఇచ్చి వచ్చి, మంచం మీద ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రానికి మోగింది. ఈసారి తీశాను.

అటునుంచి దగ్గు వినిపించింది. "నువ్వు చేశావా? రెండుసార్లు చూపిస్తంది..."

"ఆయ్."

"ఏమైందే? ఒంట్లో బానే ఉందా?"

రేడియో సంగతి చెప్పలేదు. తర్వాత ఎప్పుడో చెప్పాను. అప్పుడు మాత్రం, "అన్నయ్య తీసిన వీడియో మీ దగ్గరుందా?" అన్నాను.

"ఉంది," అన్నాడు. "రోజూ పంపుదామనుకుంటాను."

"పంపండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"పక్కన ఎవరన్నా ఉన్నారా?"

గోడలు తప్ప ఏమీ లేని ఆ గదిలో చుట్టూ చూశాను.

"ఎవరూ లేరండి," అన్నాను. "మీరు ఫోన్ పెట్టెయ్యకండి, చాలు."

వీడియో వచ్చింది. స్పీకరు పెట్టి ఫోను చేతిలోకి తీసుకున్నాను. అన్నయ్య చెయ్యి మెల్లగా తెల్లగుడ్డ పక్కకి జరిపింది. అమ్మ. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు, ఏడాది ఏడుపంతా. ఆయన ఏమీ మాట్లాడలేదు, ఊరుకోమని కూడా అనలేదు. నేను ఆపేదాకా అటువైపు వింటూనే ఉన్నాడు.